పాత తెలుగు పుస్తకాన్ని సెల్‌ఫోన్‌తో పీడీఎఫ్ చేయడం ఎలా?

"సార్, మా లైబ్రరీలో పాత పుస్తకం ఒకటుండాది. ముట్టుకుంటే పొడైపోతావుంది. ఫోన్లో ఎక్కించాలంటే ఎట్లా?"

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా శాఖా గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్లు, ఇంట్లో తాతగారి బీరువా మిగిలినవాళ్లు నన్ను అడిగేది ఇదే. ఫోన్లో చెబితే సగం గుర్తుంటుంది, మిగతా సగానికి మళ్లీ ఫోన్ వస్తుంది. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను. స్కానర్ కొనే స్తోమత లేని గ్రంథాలయం కోసం, ఒక మనిషీ ఒక ఫోనూ చాలన్న లెక్కతో రాసింది ఇది. పక్కన పేజీలు తిప్పడానికి ఇంకొకరుంటే పని సగం టైములో అయిపోతుంది.

మొదలుపెట్టక ముందు చూసుకోవాల్సినవి

ఎవరైనా ఇప్పటికే స్కాన్ చేశారేమో చూడండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాన్ అయిన తెలుగు పుస్తకాలు వేలల్లో ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత వెబ్‌సైటులో ఉన్నాయి. పేరును తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు స్పెల్లింగులతో ఇంకోసారి వెతకండి. అక్కడ పేర్లు ఎక్కించినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాశారు. దొరికితే సంతోషపడి వదిలేయకుండా చివరి పేజీ దాకా తిరగేయండి. మధ్యలో పేజీలు లేనివీ, వంకరగా పడి చదవరానివీ అందులో చాలానే ఉన్నాయి. అలాంటిదైతే మీ శ్రమ వృథా కాదు.

తర్వాత అనుమతి. పుస్తకం జిల్లా గ్రంథాలయ సంస్థదైతే కార్యదర్శి గారికి అర్జీ పెట్టి, కాగితం మీద అనుమతి తీసుకోండి. నోటిమాట మీద చేస్తే, రేపు బదిలీ అయి కొత్తగా వచ్చినవారు ఎవరిని అడిగి చేశావంటారు.

ఇక కాపీరైట్. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లు హక్కులుంటాయి, లెక్క మరుసటి ఏడాది జనవరి నుంచి మొదలవుతుంది. సులువు పద్ధతి: పోయిన ఏడాదికి 61 కలపండి. వచ్చిన ఏడాది జనవరి 1 నుంచి ఆ రచన అందరిదీ. ప్రకాశం పంతులు గారు పోయింది 1957లో, అంటే 2018 నుంచి. కానీ ఆయన 'నా జీవిత యాత్ర'లో నాలుగో భాగం రాసింది తెన్నేటి విశ్వనాథం గారు. ఆయన పోయింది 1979లో కనుక ఆ భాగానికి 2040 దాకా ఆగాలి. నాలుగు భాగాలూ ఒకే అట్టలో కుట్టి ఉంటే జాగ్రత్త. తిక్కన పద్యాలకు అడిగేవాళ్లు లేరు, వాటికి ఎవరో 1980ల్లో రాసిన వ్యాఖ్యానానికి ఉంటారు. పీఠికలు, అనువాదాలకూ ఇంతే.

హక్కులు తీరని పుస్తకాన్ని అసలు ముట్టుకోకూడదా? లాభాపేక్ష లేని పౌర గ్రంథాలయం తన దగ్గర అచ్చుప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రపరచుకోవడానికి డిజిటల్‌గా దాచుకోవచ్చని 2012 సవరణ తర్వాత కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. దాచుకోవచ్చన్నదే అందులో మాట. నెట్‌లో పెట్టడం, వాట్సాప్ గ్రూపులో తిప్పడం దాని కిందికి రావు.

కావలసినవి

- 12 మెగాపిక్సెల్ కెమెరా ఉన్న ఫోను. పెట్టె మీద 50 అని రాసి ఉన్నా మామూలుగా తీస్తే చాలా ఫోన్లలో వచ్చేది 12 మెగాపిక్సెల్ ఫొటోయే, అది చాలు.
- ఫోను కిందికి చూసేలా పట్టుకునే స్టాండు. లేకపోతే రెండు ఎత్తు స్టూళ్ల మీద చెక్కపలక అడ్డంగా పెట్టి, కెమెరాకు సరిపడా రంధ్రం చేయించండి. నేను మొదటి నాలుగు పుస్తకాలూ అలాగే చేశాను.
- పేజీలు చదునుగా ఉండేలా మీద ఆనించడానికి ఫొటోఫ్రేముల కొట్లో దొరికే మామూలు గాజు అద్దం, తెరిచిన పుస్తకం కన్నా కొంచెం పెద్దది. అంచులు నూరించుకోండి, చేతులు తెగుతాయి.
- నల్ల గుడ్డ, మెత్తటి బ్రష్షు, స్కేలు, మాస్కు.
- కంప్యూటరు, యూఎస్‌బీ కేబుల్, ఒక పెన్‌డ్రైవ్, ఒక హార్డ్‌డిస్క్.
- నోటుపుస్తకం. దీన్ని వద్దనుకునేవాళ్లే తర్వాత తిప్పలు పడేది.

సాఫ్ట్‌వేర్లు రెండు, రెండూ ఉచితమే: పేజీలు చక్కదిద్దడానికి స్కాన్ టైలర్, పీడీఎఫ్ కట్టి తెలుగు గుర్తించడానికి నాప్స్ 2. ఫోన్లో స్కానర్ యాప్ చాలదా అని అడుగుతారు. పది పేజీల కాగితాలకైతే చాలు. 200 పేజీల పుస్తకానికి మామూలు కెమెరాయే మేలు, ఎందుకంటే యాప్ తనంతట తాను అంచులు కత్తిరించేటప్పుడు పేజీ అంకెల్ని కూడా కత్తిరించేస్తుంది. ఇంకో మాట. కామ్‌స్కానర్‌ను 2020 జూన్‌లో కేంద్రం నిషేధించింది. పాత ఫోన్లలో ఇంకా మిగిలి ఉంటే గ్రంథాలయం పనికి మాత్రం వాడకండి.

1. పుస్తకాన్ని సిద్ధం చేయండి

దుమ్ము బ్రష్షుతో కుట్టు వైపు నుంచి బయటికి దులపండి. తడిగుడ్డ వద్దు. మడతపడ్డ మూలల్ని వేలితో నెమ్మదిగా విప్పండి. విరుగుతుందనిపిస్తే వదిలేయండి. అతుక్కున్న పేజీల్ని బ్లేడుతో విడదీయకండి. చక్కగా రావాలని కుట్టు విప్పేవాళ్లున్నారు. విప్పాక దాన్ని మళ్లీ పుస్తకం చేసే బైండరు ఇప్పుడు ఎక్కడ దొరుకుతాడు?

2. ఫోనును, వెలుగును కుదర్చండి

ఫ్లాష్ ఆపేయండి. హెచ్‌డీఆర్, బ్యూటీ లాంటివన్నీ తీసేయండి. వెడల్పు లెన్సు వాడితే గీతలు విల్లులా వంగుతాయి, అందుకని మామూలు 1ఎక్స్ లోనే తీయండి. ఐఫోన్ అయితే కెమెరా ఫార్మాట్ సెట్టింగ్‌లో 'మోస్ట్ కంపాటిబుల్' ఎంచుకోండి, అప్పుడే జేపెగ్ ఫైళ్లు వస్తాయి. తెరమీద పేజీ మధ్యలో వేలు కాసేపు అదిమి ఫోకస్, వెలుతురు లాక్ చేయండి. ఇది చేయకపోతే పేజీ పేజీకీ ఒక రంగు వస్తుంది.

వెలుగు రెండు వైపుల నుంచీ ఏటవాలుగా పడాలి. కిటికీ పక్కన పెడితే రెండో వైపు తెల్ల అట్టముక్క నిలబెట్టండి, అది వెలుగును తిప్పికొడుతుంది. నెత్తిమీద ట్యూబ్‌లైటు ఉంటే అద్దంలో తెల్లగీతగా కనిపిస్తుంది, ఆపేయండి. మీరు తెల్లచొక్కా వేసుకున్నా అద్దంలో కనిపిస్తుంది. ముదురురంగు వేసుకోండి, ఫోను చుట్టూ నల్లగుడ్డ వేలాడదీయండి.

ఫ్యాను కూడా ఆపాలి. ఇదే అందరూ నన్ను తిట్టుకునే మాట. మే నెల నెల్లూరులో ఫ్యాను లేకుండా ఎట్లా అంటే, పొద్దున ఏడింటి నుంచి పదింటి లోపల పెట్టుకోండి. వెలుగూ బాగుంటుంది, కరెంటు పోయినా పని ఆగదు.

3. స్పష్టత చాలుతుందో లేదో లెక్క కట్టండి

అక్షరాలు గుర్తించడానికి అంగుళానికి 300 చుక్కలు కావాలి. 12 మెగాపిక్సెల్ ఫొటో పొడవు సుమారు 4000 చుక్కలు. ఫొటోలో పడే పొడవును స్కేలుతో కొలిచి 4000ని దానితో భాగించండి. డెమీ సైజు పుస్తకం తెరిస్తే వెడల్పు 11 అంగుళాలు, చుట్టూ కొంచెం ఖాళీతో 11.5. భాగిస్తే 348. బాగుంది, రెండు పేజీలూ ఒకే ఫొటోలో తీయొచ్చు. పాత వార్తాపత్రిక 22 అంగుళాల పొడవుంటే 182 వస్తుంది. చాలదు, ముక్కలుగా తీయాలి. వచ్చిన అంకెను నోటుపుస్తకంలో రాసుకోండి, అయిదో మెట్టులో అడుగుతారు.

4. ఫొటోలు తీయండి

మొదటి ఫొటో పుస్తకానిది కాదు. ఒక చీటీ మీద యాక్సెషన్ నంబరు (గ్రంథాలయం రిజిస్టరులో ఆ పుస్తకానికి ఇచ్చిన నంబరు), పుస్తకం పేరు, తేదీ రాసి, పక్కన స్కేలు పెట్టి తీయండి. అయిదు పుస్తకాల ఫొటోలు ఒకే ఫోన్లో కలిసిపోయినప్పుడు ఈ చీటీయే దిక్కు.

తర్వాత ముందు అట్ట, అట్ట లోపలి వైపు, ఖాళీ పేజీలు, ముఖపత్రం, అలా వరసగా వెనక అట్ట దాకా. ఖాళీ పేజీ కదా అని వదలకండి, పేజీల లెక్క తప్పుతుంది. పైగా ఎవరు ఎప్పుడు ఇచ్చారో రాసిన సంతకాలు, పాత గ్రంథాలయాల ముద్రలు ఉండేది ఆ పేజీల మీదే.

పేజీ తిప్పండి, అద్దం దించండి, చెయ్యి తీయండి, అప్పుడు నొక్కండి. ఫోనును వేలితో నొక్కితే కదులుతుంది. ఇయర్‌ఫోను వైరుకున్న వాల్యూమ్ బటన్ చాలా ఫోన్లలో కెమెరా బటన్‌గా పనిచేస్తుంది. లేదంటే 2 సెకన్ల టైమర్ పెట్టుకోండి.

కుట్టు బిగువుగా ఉండి పుస్తకం పూర్తిగా తెరుచుకోకపోతే బలవంతం చేయకండి. సగమే తెరిచి, రెండో అట్ట కింద పుస్తకాలు దొంతర పెట్టి ఆనించండి. ముందు కుడి పేజీలన్నీ చివరిదాకా తీయండి, తర్వాత మళ్లీ మొదటి నుంచి ఎడమ పేజీలు. నాప్స్ 2లో మొదట వచ్చే వైపు ఫొటోలన్నీ ముందు, రెండో వైపువి తర్వాత ఎక్కించి 'రీఆర్డర్'లో 'ఇంటర్‌లీవ్' నొక్కితే రెండూ జడలా అల్లుకుంటాయి. రెండు వైపులా ఫొటోల సంఖ్య సమానంగా ఉంటేనే ఇది కుదురుతుంది.

పుస్తకం బల్లమీద ఉండగానే సరిచూసుకోవాలి, ఇంటికెళ్లాక కాదు. లెక్క ఇది: ఎడమ పేజీ సరి సంఖ్య, కుడి పేజీ బేసి సంఖ్య. 2-3 పేజీలు 6వ ఫొటోలో పడ్డాయనుకోండి. అప్పుడు 102-103 పేజీలు 56వ ఫొటోలో ఉండాలి. 55లోనే ఉంటే మధ్యలో రెండు పేజీలు కలిసి తిరిగాయి. 57లో ఉంటే ఒకటి రెండుసార్లు తీశారు. ప్రతి ఇరవై ఫొటోలకూ ఆగి ఈ లెక్క చూడండి. ఒకసారి నేను ఓ పెద్దాయన దగ్గర అరువు తెచ్చిన పుస్తకం 180 పేజీలు తీసి తిరిగిచ్చేశాను. ఆయన దాన్ని బంధువుల ఊరికి పంపేశారు. ఆ తర్వాత చూస్తే 94, 95 లేవు. ఇప్పటికీ లేవు.

అయితే పాత పుస్తకాల్లో అచ్చులోనే పేజీ అంకెలు తప్పడం మామూలే. పీఠికకు ఒక వరస, గ్రంథానికి ఇంకో వరస, అదీ తెలుగు అంకెల్లో ఉంటుంది. తేడా వస్తే పేజీ చివరి మాట, తర్వాతి పేజీ మొదటి మాట కలిపి చదివి చూడండి. అచ్చుతప్పని తేలితే నోటుపుస్తకంలో రాసుకోండి.

ఫొటోల్ని కంప్యూటర్‌లోకి కేబుల్‌తోనే మార్చండి. వాట్సాప్‌లో పంపితే ఫొటో చిక్కిపోతుంది, చూడ్డానికి బాగానే ఉన్నా అక్షరాలు గుర్తించడం మొదలుపెట్టాక తెలుస్తుంది. నాకు వచ్చిన ఫిర్యాదుల్లో సగం ఈ ఒక్క తప్పు వల్లే. తప్పదనుకుంటే డాక్యుమెంట్‌గా పంపండి.

5. పేజీలు చక్కదిద్దండి

స్కాన్ టైలర్ తెరిచి ఫొటోల ఫోల్డరు చూపండి. డీపీఐ, అంటే అంగుళానికి చుక్కలు, ఎంత అని అడిగితే మీరు రాసుకున్న అంకె ఇవ్వండి. తర్వాత ఆరు దశలు వరసగా ఉంటాయి: తిప్పడం, రెండు పేజీలు విడదీయడం, వంకర తీయడం, అచ్చు ఉన్నంత మేర గుర్తించడం, అంచులు, చివరికి ఫలితం. ప్రతి దశలో అన్ని పేజీలకూ ఒకేసారి నడిపించి, తర్వాత చిన్న బొమ్మలన్నీ పైనుంచి కిందికి చూసుకుంటూ పోండి. తప్పులు కంటికి తెలిసిపోతాయి.

మన లిపికి సంబంధించిన ప్రమాదం ఒకటుంది, ఇంగ్లీషులో రాసిన సూచనల్లో అది దొరకదు. చివరి దశలో మచ్చలు తొలగించే 'డీస్పెకిల్' అనే సౌకర్యం ఉంటుంది. దానికి అరసున్న కూడా మచ్చే. సన్నటి ఒత్తుల్నీ తలకట్టు చివర్లనీ తినేస్తుంది. దాన్ని ఆపేయండి. నలుపు తెలుపుగా మార్చేటప్పుడు సన్నగీతలు తెగుతుంటే కొంచెం ముదురు చేయండి, అప్పటికీ తెగితే గ్రే లోనే ఉంచండి. ఫైలు పెద్దదైతే కానివ్వండి.

6. వెతకగలిగే పీడీఎఫ్ కట్టండి

ఫొటోలోని అక్షరాల్ని గుర్తించి రాతగా మార్చడాన్ని ఓసీఆర్ అంటారు. నాప్స్ 2లో ఆ ఓసీఆర్ బటన్ నొక్కి భాషల జాబితాలో తెలుగు దించుకోండి. వెనక పనిచేసేది టెసెరాక్ట్ అనే ఉచిత ఇంజిన్. 'పీడీఎఫ్‌లను వెతకగలిగేలా చేయి' అన్న గడిలో టిక్ పెట్టి, పేజీలు ఎక్కించి, పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. పాత కంప్యూటరైతే టీ తాగి రావచ్చు. భోజనం చేసి కూడా రావచ్చు.

పీడీఎఫ్‌తో పని లేదు, రాత ఒక్కటే కావాలంటే గూగుల్ డ్రైవ్ దారి ఉంది. కంప్యూటర్ బ్రౌజర్‌లో డ్రైవ్ తెరిచి, ఫైలు మీద కుడి క్లిక్ చేసి 'ఓపెన్ విత్' లో గూగుల్ డాక్స్ ఎంచుకోండి. తెలుగు అచ్చును ఇది టెసెరాక్ట్ కన్నా బాగా చదువుతుందని నా అనుభవం. ఫొటో 2 ఎంబీ లోపు ఉండాలి, పీడీఎఫ్ అయితే పదేసి పేజీలుగా విడగొట్టి ఇవ్వండి. పేజీలో రెండు కాలమ్‌ల అచ్చయితే వరస కలగాపులగం అవుతుంది.

సరిచూడటం ఇలా. మొదట్లో, మధ్యలో, చివర్లో ఒక్కో పేజీ తీసుకోండి. పీడీఎఫ్‌లో రాతను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. వంద మాటల్లో ఎన్ని తప్పులో లెక్కపెట్టండి. పదిలోపుంటే వెతకడానికి పనికొస్తుంది. ముప్పై దాటితే ఫొటోలోనే లోపం ఉంది, అయిదో మెట్టుకు, అక్కడా దొరక్కపోతే నాలుగో మెట్టుకు వెళ్లండి. ఎప్పుడూ వచ్చే తప్పులు: వ, ప ఒకదానికొకటి మారడం, థ, ధ, ద కలిసిపోవడం, అరసున్న ఇంగ్లీషు 'సీ' అక్షరంగానో బ్రాకెట్‌గానో రావడం. 'వాఁడు' అని అచ్చయిన చోట మీరు 'వాడు' అని వెతికితే దొరకదు. ఇది స్కాన్ లోపం కాదు, పాత అచ్చు తీరు.

ఇంకొందరు ఈ మధ్య పుస్తకాల పీడీఎఫ్‌లు తెచ్చి, ఇవి డీటీపీలో చేసినవే కదా, ఎందుకు వెతకడం కుదరదు అంటారు. అవి అను ఫాంట్లలో కట్టినవి, ఫోన్లలో, నెట్‌లో అందరూ వాడే యూనికోడ్ పద్ధతి కాదు. కాపీ చేసి చూస్తే పిచ్చి గీతలు వస్తాయి. వాటినీ ఫొటోల్లాగే అనుకుని ఓసీఆర్ చేయాల్సిందే.

7. పేరు, వివరాలు

ఫైలు పేరులో యాక్సెషన్ నంబరు ముందు, తర్వాత పుస్తకం పేరు. నంబర్లు 0001 లాగా సున్నాలతో మొదలుపెట్టండి, లేకపోతే 10 వచ్చి 2 ముందు కూర్చుంటుంది. 'కొత్తది', 'ఫైనల్', 'ఫైనల్ 2' వద్దు.

వివరాల పట్టిక ఒక ఎక్సెల్ షీటులో చాలు: పేరు, రచయిత, ముద్రణశాల, ఊరు, సంవత్సరం, పుటలు, లోపాలు. రచయిత పేరు ముఖపత్రంలో ఉన్నట్టు 'వేంకట' అని రాసి, పక్క గడిలో జనం వెతికేలా 'వెంకట' అని కూడా రాయండి.

ఊరి దగ్గర మన జిల్లాల వాళ్లకు ఒక చిక్కుంది. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో, ఒంగోలు జిల్లా పేరుతో. ఇప్పటి పేరు 1972లో వచ్చింది. 1930ల పుస్తకం మీద ఒంగోలుకు గుంటూరు జిల్లా అని, కందుకూరుకు నెల్లూరు జిల్లా అని, మార్కాపురానికి కర్నూలు జిల్లా అని ఉంటుంది. సారస్వత నికేతనం గ్రంథాలయం ఉన్న వేటపాలెం గుంటూరు జిల్లా నుంచి ప్రకాశంలోకి వచ్చి, 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. అచ్చులో ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, ఇప్పటి జిల్లా ఇంకో గడిలో రాయండి. అచ్చులో ఉన్నదాన్ని 'సరిదిద్దకండి'.

సంవత్సరం 'శ్రీముఖ' అని మాత్రమే ఉంటే అది 1933-34 కావచ్చు, 1873-74 కావచ్చు. అరవై ఏళ్లకోసారి అదే పేరు వస్తుంది కదా. కాగితం, అచ్చు, పీఠికలోని మనుషుల్ని బట్టి తేల్చండి. తేలకపోతే రెండూ రాసి ప్రశ్నార్థకం పెట్టండి.

8. దాచండి, హక్కులు తీరినదైతే పంచండి

కాపీలు మూడు: గ్రంథాలయం కంప్యూటర్‌లో ఒకటి, హార్డ్‌డిస్క్‌లో ఒకటి, వేరే ఊళ్లోనో నెట్‌లోనో ఒకటి. పీడీఎఫ్‌తో పాటు అసలు ఫొటోల్నీ దాచండి. నాలుగేళ్ల తర్వాత ఇంతకన్నా మంచి ఓసీఆర్ వస్తే మళ్లీ నడిపించేది వాటి మీదే. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకున్నవాళ్లు తర్వాత నాకు ఫోన్ చేసినా చేయగలిగింది లేదు.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టేటప్పుడు భాష గడిలో తెలుగు ఎంచుకోవడం మరిచిపోకండి. వేరే భాష పడితే తెలుగు అచ్చుకు చెత్త రాత తయారవుతుంది. పేజీ చిరునామాగా ఇచ్చే గుర్తింపు పేరు తర్వాత మీరు మార్చుకోలేరు, ముందే ఆలోచించి ఇవ్వండి. ఒక్కో పేజీ తప్పులు దిద్దే ఓపిక ఉన్నవాళ్లు మీ ఊళ్లో ఉంటే తెలుగు వికీసోర్స్ చూపించండి. అక్కడ ఒకరు దిద్దిన పేజీకి పసుపు రంగు, రెండోవారు సరిచూశాక ఆకుపచ్చ వస్తుంది. రిటైరైన తెలుగు మాస్టార్లకు ఈ పని బాగా పడుతుందని చూశాను.

9. పుస్తకాన్ని మళ్లీ బీరువాలో పెట్టండి

రబ్బరు బ్యాండు వేయకండి, మన ఎండలకు కరిగి అట్టకు అంటుకుపోతుంది. తెల్ల నూలు నాడాతో వదులుగా కట్టండి. ముందు అట్ట లోపల ఒక చీటీ పెట్టండి: ఫైలు పేరు, స్కాన్ చేసిన తేదీ, లేని పేజీల అంకెలు. పెన్సిల్‌తోనే రాయండి, తేమకు సిరా పేజీలోకి దిగుతుంది.